వెచ్చని పాదం

ఆదివారం రాత్రి, 1966
కల్వకుర్తి

ఈరోజు బాపును ఇంటికి తెచ్చాం. కుడికాలు మోకాలి పైదాకే ఉంది.

పట్నంలో నేను నర్సు చదువుతున్న దవాఖానలోనే ఆపరేషన్ చేశారు. తొడలోంచి సిర ఒకటి తీసి, మూసుకుపోయిన రక్తనాళం పక్కనుంచి కుట్టి, పాదానికి కొత్త దారి చేశారు. ఆ దారిలో రక్తం ఎంత పారుతోందో కొలిచే మిషన్ విదేశాల్లో ఉందట. "మనకు వేళ్లే దిక్కమ్మా. పాదం చల్లబడితే వెంటనే పిలువు, మళ్ళీ తెరిచి చూస్తాను" అన్నారు డాక్టరుగారు.

ఆపరేషన్ అయిన సాయంత్రం పాదం పట్టి చూశాను. నాడి దొరికినట్టే ఉండి జారిపోయింది. పాదం మాత్రం వెచ్చగా ఉంది. బాగుందని డాక్టరుగారికి చెప్పాను. తెల్లారేసరికి నల్లబడింది, కాలు తీసేయక తప్పలేదు. ఎందుకలా అయిందో ఇన్నాళ్లూ అర్థం కాలేదు.

ఇందాక పక్కింటి ఎల్లమ్మత్త చూడడానికొస్తే అమ్మ చెబుతోంది.

"గా ఆపరేషన్ నాడు పొద్దుమీకి కాలు సల్లగైంది వదినా. దవాఖాన బయట వంట పొయ్యిమీద ఉప్పుమూట ఎచ్చజేసి కాపడం పెట్టిన. నా బిడ్డ వచ్చేసరికి జర ఎచ్చగైంది."

"మంచి పని జేసినవ్" అంది అత్త.

అమ్మ నా వైపు తిరిగింది. "గా ఒక్క పూటన్న బాపుకు సుఖమైంది గదనే?"

"అయిందమ్మా" అన్నాను.

"గీ ఎడమకాలు సుత సల్లగనే ఉంటాంది. రేపటి సంది దీనికి గూడ పెడ్త."

వద్దని చెప్పాలి. ఎందుకు వద్దో చెప్పకుండా ఎలా చెప్పను...