డాబా మీద నిమ్మచెక్కలు

రేపల్లె,
సోమవారం.

తెనాలిలో మా ఇంట్లో అద్దెకుంటున్న నాగశివగారికి, ఆ ఇంటి ఓనరు పురుషోత్తం నమస్కరించి రాయునది.

మేమిక్కడ క్షేమం. మీ సంగతే అంతుపట్టడం లేదు. అక్కడ మీ ఎదురింటి విజయగారు పొద్దున్నే ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశారు. మా డాబా మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, గడికొక అంకె వేసి, అన్నిట్లోనూ కోసిన నిమ్మచెక్కలు పరిచారట! బస్తాలకొద్దీ! ఉద్యోగం చేసినన్నాళ్ళూ మూఢనమ్మకాలు వద్దని పిల్లలకి పాఠం చెప్పిన తెలుగు పంతుల్ని. అయినా అడుగుతున్నాను, ఎవరి మీదండీ ఇదంతా?

ఇట్లు,
పురుషోత్తం

తా.క. ఫోన్ చేయకండి. మీ గొంతులోంచి మంత్రం వచ్చి చెవిలో పడుతుందని మా ఆవిడ సీతాలక్ష్మి భయం. నాకేం భయం లేదు. కానీ ఫోన్ ఆవిడ దగ్గర ఉంటుంది.

తెనాలి,
బుధవారం.

గౌరవనీయులు పురుషోత్తం బాబాయిగారికి నాగశివ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నిర్ఘాంతపోయాను. నేను మంత్రగాణ్ణి కాదండీ, కెమిస్టుని. మందులైనా రంగులైనా తయారు చేయాలంటే ముడిసరుకును ఏదో ఒక ద్రావకంలో కరిగించాలి. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో వాడే వాటిలో చాలావరకు విషమే. పనివాళ్ళ ఊపిరితిత్తులకీ చేటు, కాలవ నీళ్ళకీ చేటు. నిమ్మతొక్కలో ఉండే నూనె కూడా ద్రావకమే. దాంతో అంత హాని ఉండదు. అందుకని ఇక్కడి నిమ్మకాయల యార్డులో పారబోసే మచ్చకాయలు తెచ్చి, డాబా మీద రేకుల నీడలో ఆరబెడుతున్నాను. ఏ రోజు సరుకు ఏదో తెలియడానికే ఆ గళ్ళూ అంకెలూ. నూనె తీసేది బాపట్లలో మా ల్యాబులో. నెలాఖరుకి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. అప్పటికి సరిపడా నూనె చూపించకపోతే నా పరిశోధన ఆపేస్తారు. నాలుగేళ్ళ కష్టం బాబాయిగారూ.

విధేయుడు,
నాగశివ

తా.క. విజయగారికి నమ్మకం కలగాలని, ఆవిడ ముందే ఒక థర్మకోల్ ముక్క మీద కాస్త నూనె పోసి చూపించాను. చూస్తుండగానే కరిగిపోయింది. ఆవిడ చెప్పులు ఇంకా మన మెట్ల మీదే ఉన్నాయి. ఇద్దామని వెళితే తలుపు తీయడం లేదు.

రేపల్లె,
శనివారం.

నాగశివగారికి, దూరం నుంచే నమస్కారం.

కళ్ళముందున్న వస్తువును మాయం చేసి, ఇది సైన్సు అంటారేంటండీ? ఇవాళ థర్మకోల్. రేపు మా స్లాబు కరగదని ఏంటి నమ్మకం? అసలే ఇంట్లో సగం నాదంటూ మా తమ్ముడు కోర్టుకెక్కి నన్ను ఏళ్ళ తరబడి తిప్పుతున్నాడు. వాడి కాపురం తెనాలిలో ఆ ఇంటి వెనక వీధిలోనే. ఆ ఇల్లు నిలబెట్టుకోవడానికి నేను నానా చావూ చస్తుంటే మీరు దానికి ఈ పేరు తెచ్చిపెట్టారు. వచ్చే ఆదివారం కల్లా ఖాళీ చేయండి. ఇక మాట్లాడేది లేదు.

పురుషోత్తం

తా.క. తాళంచెవి విజయగారికి ఇవ్వకండి, ముట్టుకోనంటున్నారు. నిమ్మరసం తగలని చోట ఎక్కడైనా పెట్టి వెళ్ళండి.

తెనాలి,
మంగళవారం.

పురుషోత్తం బాబాయిగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మాది నిజాంపట్నం దగ్గర. నాన్న పేరయ్య సముద్రం మీద వేటకి వెళ్తారు. అన్నయ్య మాత్రం రంగుల ఫ్యాక్టరీలో చేరి, ఆ ద్రావకాల డ్రమ్ముల మధ్య పనిచేసి, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. అందుకే నేనీ పని పట్టుకున్నాను. నిజంగా కోపమొస్తోందండీ. విషం వాడినవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు, నిమ్మకాయ వాడితే ఇల్లు ఖాళీ చేయమంటున్నారు. సరే, ఆదివారం వెళ్ళిపోతాను. కమిటీకి ఏం చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

నాగశివ

తా.క. మీ తమ్ముడుగారు వచ్చారు. డాబా మెట్ల మీదే ఆగిపోయి, "ఇదంతా మా అన్నయ్యకి తెలుసా?" అన్నారు. మీకు తెలియకుండా చేశానని అనుకోకూడదు కదా, "ఆయనకి అంతా తెలుసండి" అన్నాను. అది వినగానే ఆయనకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. మంచినీళ్ళు ఇస్తే ముట్టుకోకుండా వెళ్ళిపోయారు.

రేపల్లె,
శుక్రవారం.

చిరంజీవి నాగశివకు ఆశీస్సులు.

సామాను సర్దేశావా? విప్పెయ్ నాయనా.

నిన్న మా తమ్ముడు వకీలును వెంటబెట్టుకుని ఊడిపడ్డాడు. కేసు వాపసు తీసుకున్న కాగితం నా చేతిలో పెట్టి, "అన్నయ్యా, ఇల్లు మొత్తం నువ్వే ఉంచుకో. నా పేరు మీద గీయించిన గడి ఒక్కటి చెరిపించు చాలు. పిల్లలు గలవాణ్ణి" అని బావురుమన్నాడు. నిమ్మనూనె, ద్రావకం, ఢిల్లీ కమిటీ, నువ్వు రాసినదంతా పొల్లుపోకుండా చెప్పాను. నమ్మలేదు. పోనీ సగం ఇల్లు రాసిస్తానురా అన్నాను. దాంతో ఇంకా హడలిపోయి, "వద్దన్నయ్యా, వద్దు" అని దణ్ణం పెట్టి పరుగున వెళ్ళి బస్సెక్కేశాడు.

ఒకే కంచంలో తిన్నవాళ్ళం. నేను వాణ్ణి చంపించడానికి సిద్ధపడ్డానని ఎలా నమ్మాడురా! అన్నం సయించలేదు. నీ గురించి నేను నమ్మిందీ అదే కదా అని తోచాక సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మీ అన్నయ్య సంగతి చదివి సీతాలక్ష్మి కూడా కళ్ళు తుడుచుకుంది. డాబా నీది. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఆరబెట్టుకో.

ఇట్లు,
మీ బాబాయి పురుషోత్తం

తా.క. మా తమ్ముడు రుజువు అడుగుతున్నాడు. ఏదో ఒక గడి చెరుపుతూ ఫోటో తీయించుకుని పంపు. నవ్వుతూ మాత్రం దిగకు.