శంకరగిరి మాన్యాలు ఎక్కడున్నాయంటే

జాలరిపేట,
విశాఖపట్నం.

రాధకి, నీ బావ రాయడమేమంటే, ఇక్కడ నానూ అమ్మా కులాసాగానే ఉన్నాం. ఆ పాడేరు కొండల మీద నువ్వూ కులాసాయేనని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తంది. మరీ ఎక్కువ కులాసాగా ఉన్నావేమోనని నా అనుమానం. మీ గెడ్డపుట్టు ఊళ్ళో సిగ్నలుంటే ఈ కాయితాల బాధ లేకపోను.

వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వలలు బాగుచేసుకుంటన్నాను. నువ్వు చెప్పిన మాత్రలకి అమ్మ మోకాలి నొప్పి తగ్గింది.

నువ్వడిగినదానికి జవాబు. నీకు అక్కడ నర్సు ఉద్యోగం వచ్చిన రోజున మా సన్యాసిరాజు, "ఏటి బావా, మీ ఆవిడ శంకరగిరి మాన్యాలు పట్టీసిందట!" అన్నాడు. నానూ పళ్ళికిలించాను. ఆ మాట నువ్వు చెబితే, ఆ మాన్యాలు ఎక్కడున్నాయని అక్కడి ముసలమ్మ ఒకామె అడిగిందని రాశావు. లైబ్రరీలో పనిచేసి రిటైరైన గురునాథరావు గారిని అడిగాను. "ఏ మ్యాపులోనూ దొరకవురా పోలిరాజూ. ఆ మాట అన్నవాడు ఎన్నడూ అడుగుపెట్టని ఊరేదైనా అదే" అన్నారు. ముసలమ్మకి అలాగే చెప్పు.

ఇక నా గోల. పోయిన ఉత్తరంలో మీ బడి మేస్టారి మాట ఏడుసార్లు రాశావు. మేస్టారు పనసపండు తెచ్చారు, మేస్టారు వాళ్ళ భాష నేర్పుతున్నారు. నా పేరు కవరు మీద తప్ప ఎక్కడా లేదు. చదివాక అన్నం సయించలేదు.

నీకు చెప్పలేదు గానీ, పోయిన బుధవారం నాను అక్కడికొచ్చాను.

కాంప్లెక్సు బస్టాండులో ఎర్రబస్సెక్కి పాడేరు, అక్కణ్ణించి జీపు, ఆపైన మోకాలి లోతు నీళ్ళలో గెడ్డ దాటి నడక. చేతిలో నీకిష్టమని ఎండు నెత్తళ్ళు. ఆస్పత్రి అరుగు మీద నువ్వు కూర్చున్నావు. ఒకామె నీ జడ అల్లుతంది. నువ్వు వాళ్ళ భాషలో ఏదో అన్నావు, అందరూ పగలబడి నవ్వారు. నువ్వూ నవ్వావు. మన పెళ్ళయిన రెండేళ్ళలో ఆ నవ్వు నాను వినలేదు రాధా.

మేస్టారూ ఉన్నారక్కడ. నేడో రేపో రిటైరయ్యే ముసలాయన. చూశాక నా కోపం చల్లారాలి కదా. చల్లారలేదు సరికదా, రెట్టింపైంది. ఒక్క మనిషైతే కొట్టీసేవాణ్ణి. ఊరు ఊరంతటినీ ఏటి చేసేది?

కట్టెలమోపుతో వస్తన్న ఒకావిడ నన్ను చూసి, "ఎవులు కావాలి బాబూ?" అంది.

"ఎవులూ లేదమ్మా. ఎండుసేపలమ్ముకుంటాను."

"మా సిస్టరమ్మకి సేపలంటే పేణం. పాపం, ఆయమ్మ పెనిమిటి ఎక్కడో దిగువన, సముద్రం ఒడ్డునుంటాడట. దిక్కుమాలిన సోటట గదా!"

ఆ 'మా' అన్నమాట గుండెల్లో గుచ్చుకుంది. మూట ఆవిడ చేతిలో పెట్టీసి, నీకు కనబడకుండా వచ్చేశాను. ఆ రాత్రి నువ్వు తిన్న నెత్తళ్ళు నావే.

ఇంతవరకూ రాయడానికే నాలుగు రోజులు పట్టింది. దీనికన్నా తప్పుపని ఇంకోటుంది. అక్కణ్ణించి వచ్చిన మర్నాడు నీ పేరున బదిలీ అర్జీ రాశాను. అత్తకి బాగోలేదని రాసి, నీ సంతకం నానే పెట్టీసి ఇక్కడి మీ డిపార్టుమెంటు ఆఫీసులో ఇచ్చీసాను. అమ్మతో చెబితే, "దాని బతుకు మీద నీ సంతకమేట్రా!" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నిన్న వెనక్కి తీసుకుందామని వెళ్ళాను. అర్జీ అప్పుడే పైకి వెళ్ళిపోయిందన్నారు. ఈ నెల ఇరవయ్యో తేదీలోగా నువ్వే స్వయంగా వచ్చి, అది నీది కాదని రాసిస్తే ఆగుతుందట. నువ్వొస్తే నానూ నీతో వస్తాను. ఆ సంతకం నాదేనని నా నోటితోనే చెబుతాను, ఏమైనా కానీ.

నువ్వు రాకపోతే ఆర్డరు వచ్చేస్తుంది, ఇంటికొచ్చేస్తావు. ఈ సంగతి దాచెయ్యమని మనసు ఇంకా గోల పెడతంది. అందుకే తిరిగి చదవకుండా ఇప్పుడే పోస్టు డబ్బాలో వేసేస్తన్నాను. రేపటిదాకా ఉంచితే చించీస్తాను.

ఇట్లు,
నిన్ను ఎవరితోనూ పంచుకోలేని
నీ బావ,
పోలిరాజు