ఎవరు ఊదారో తేలని ఈల

యార్క్,
13 సెప్టెంబరు 2010

ప్రియమైన నాన్నా,

కూరగాయల పోటీలో నీ ఉల్లిగడ్డకు ఈసారి కూడా రెండో బహుమతేనట కదా! "మొదటి బహుమతి కొట్టేసినవాడి మీద దర్యాప్తు వేయించు" అని ఫోనులో హుకుం జారీ చేశావు. ఏం చేయాలన్నా ఈలోపే నాన్నా, శుక్రవారంతో నా అధికారం చెల్లు. ముప్పై నాలుగేళ్ల కిందట లాఠీతోపాటు ఒక హ్యాండ్‌బ్యాగు కూడా చేతికిచ్చి నన్ను బీటుకు పంపారు. "పౌడరు ఇందులో పెట్టుకో పాపా, దొంగ కనబడితే మమ్మల్ని కేకెయ్యి" అన్నాడు సార్జెంటు. ఆ బ్యాగు విసిరే నా తొలి దొంగను పడగొట్టాను. ఇప్పుడు జిల్లా పోలీసులందరికీ పెద్దగా, చీఫ్ కానిస్టేబుల్ కుర్చీలోంచి దిగుతున్నాను.

అంతా సంతోషమే. ఒక్క ముల్లు మాత్రం పాతికేళ్లుగా లోపలే ఉండిపోయింది. ఫోనులో అడిగే ధైర్యం లేక రాస్తున్నాను. నన్ను ఇన్‌స్పెక్టరును చేసి నీ స్టేషనుకే వేశారని తెలిసిన వారానికే, ఇంకో ఏడాది సర్వీసు ఉండగానే, నువ్వు కానిస్టేబుల్ ఉద్యోగం వదిలేశావు. నా ప్రమోషన్ పెరేడ్‌కు రమ్మంటే మోకాలి నొప్పి అన్నావు. "కూతురికి సెల్యూట్ కొట్టలేకే మీ నాన్న దిగిపోయాడమ్మా" అని స్టేషన్లో నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లి ఏడ్చాను. ఆ పెరేడ్‌లో నా పేరు పిలవగానే ఎవడో పోలీసు ఈల ఊది గగ్గోలు చేశాడు. వాడెవడో ఈనాటికీ తేలలేదు, నా సర్వీసంతటికీ తేలని కేసు అదొక్కటే. నిన్ను అడగని ప్రశ్నా ఒక్కటే. నా కింద పనిచేయడం నీకు అంత నామోషీ అయిందా? శుక్రవారం వీడ్కోలు పెరేడ్. మళ్లీ మోకాలి నొప్పి అంటే నమ్మను.

నీ
గ్లెనిస్


విట్బీ,
15 సెప్టెంబరు

గ్లెన్ తల్లీ,

మతి ఉందా నీకు? నామోషీయా? నీకు కొట్టబోయే సెల్యూట్‌ను మీ అమ్మ ముందు వంటింట్లో వారం రోజులు సాధన చేశాను. చెయ్యి సరిగ్గానే లేచేది. నోరే చెవులదాకా సాగిపోయేది. "క్లిఫ్, నువ్వలా పళ్లికిలిస్తే పిల్ల మాట స్టేషన్లో ఎవడు వింటాడయ్యా?" అంది మీ అమ్మ. ఆడపిల్ల ఇన్‌స్పెక్టరయిందంటేనే ఏడ్చి చచ్చే రోజులవి. నా నవ్వు నీకు చేటు కాకూడదని దిగిపోయాను.

ముందే ఎందుకు చెప్పలేదంటావా? అది చెబితే మిగతాదీ చెప్పాలి మరి. పెరేడ్‌కు వచ్చాను. బ్యాండువాళ్ల వెనక నిలబడి, చప్పుడు చెయ్యకుండా చూసి పోదామనుకున్నాను. నీ పేరు పిలిచారు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. మోకాలి నొప్పి అబద్ధమేమీ కాదు, కాకపోతే ఆ తర్వాత వచ్చింది. ఇద్దరు సార్జెంట్లు తరిమితే గోడ దూకాను.

ఉద్యోగం దిగిపోయిన రోజే ఆ డ్యూటీ ఈల అప్పగించాల్సింది. పోయిందని రాసి సంతకం పెట్టాను. ఆపైన నువ్వు సూపరింటెండెంటువి, చీఫువి అవుతుంటే నా నేరమూ పెద్దదవుతూ వచ్చింది. కన్నకూతురే పోలీసయితే దొంగ ఎవరితో మొరపెట్టుకుంటాడు? నువ్వలా ఏడ్చావని తెలిస్తే ఆనాడే లొంగిపోయేవాణ్ణి తల్లీ, క్షమించు.

శుక్రవారం మొదటి వరుసలో నాకో కుర్చీ వేయించు. ఈల తెస్తాను. నీ చేతికే అప్పగిస్తాను, ఊదాక.

నేరం ఒప్పుకుంటూ,
మీ నాన్న
క్లిఫర్డ్ మెట్‌కాఫ్