లడ్డూ తిని చేసిన స్నానం

అన్నయ్యా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ సరిహద్దు అవతల మనవాళ్లు బాంబులు వేశారు. అమీర్‌పేట మెట్రో కింద మిఠాయి కొట్టతను దారిన పోయేవాళ్లందరికీ లడ్డూలు పంచుతున్నాడు. "తీస్కో అన్నా, మనోళ్లు మస్తు కొట్టిండ్రు!" అని నా చేతిలోనూ పెట్టాడు. సంతోషంగానే తిన్నాను. ముందు చంపింది వాళ్లే కదా!

తిన్నాక స్థిమితం లేదు. పంజాగుట్ట దాకా ఊరికే నడిచి వెనక్కొచ్చాను. మిలిటరీలో పనిచేసినవాడివి, ఇలాంటి వార్త విన్న ప్రతిసారీ నువ్వు తలస్నానం చేసేవాడివి. అయితే యుద్ధం తప్పా అని అడిగితే విసుక్కునేవాడివి.

"శవాన్ని మొయ్యడం తప్పట్రా? ఎవరో ఒకరు మొయ్యాల్సిందే. అలాగని స్నానం చెయ్యకుండా ఇంట్లోకి వస్తావా?"

మోసేవాడు చంపినవాడు కాదు కదా అన్నయ్యా! ఈ మాట అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచింది, జవాబు చెప్పడానికి నువ్వు లేవు.

మధురానగర్‌లో ఇల్లు చేరగానే బాత్‌రూమ్‌లో దూరి తల మీద నీళ్లు పోసుకున్నాను. మీ మరదలు కంగారుగా తలుపు కొట్టింది.

"ఏంటండీ, ఈ వేళప్పుడు తలస్నానం? ఎవరు పోయారు?"

పేర్లు తెలియవన్నాను.