బొమ్మ మనుషుల చప్పట్లు

నానమ్మా,

ఈరోజు చర్చిలో నీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. నీ గురించి నన్నే మాట్లాడమన్నారు. జనం ముందు భయం పోవాలని ఏలూరులో మా కాలేజీ ల్యాబ్‌లో వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని నెలంతా సాధన చేశాను. అందులో కనిపించే బొమ్మ మనుషులు, నేనెంత తడబడినా చప్పట్లు కొడతారు.

చిన్నప్పుడు సండే స్కూల్ వాక్యం అప్పజెబుతూ ఆగిపోతే, నువ్వు "స్తోత్రం!" అని అరిచేదానివి. చర్చి అంతా అందుకునేది. ఆలోగా నాకు మిగతాది గుర్తొచ్చేది. ఆ సంగతే ఎంతో ఇష్టంగా రాసుకున్నాను.

తీరా "నేను ఆగిపోతే మా నానమ్మ..." అన్నానో లేదో, అక్కడే ఆగిపోయాను.

"కానియ్యవే, భోజనాలు చల్లారిపోతన్నాయి" అంది అత్త. అందరూ నవ్వారు. ఒళ్లు మండిపోయింది.

నెల రోజుల సాధన దండగ. ఆ హెడ్‌సెట్‌లో అంతమంది ఉన్నారు, స్తోత్రం అనేవాళ్లు ఒక్కరూ లేరు. ఇక్కడా లేరు, నానమ్మా.