తీగలకంటిన ఘాటు

ఏమండీ,

మీ జాస్మిన్ వందనాలతో రాసుకునేది. దేవుని దయవల్ల నేను, అత్తయ్య బాగున్నాం. ఈనిన మేక కూడా లేచి తిరుగుతోంది. ఆదివారం ఫోను మీ క్షేమం అడగడానికి అత్తయ్యకే సరిపోయింది. మీ పాటల ట్రైనింగు వాళ్ళు వారానికి ఫోను ఇచ్చేదే అరగంట. నా చేతికొచ్చేసరికి "సరే, ఉంటాను" అన్న మాటే మిగులుతోంది. అయినా ఫోనులో నాకు నోరు పెగలదు. కాగితం మీదైతే కాస్త నయం.

తీగల సంగతి అడిగారు. సండేస్కూలు పిల్లలకని మీరు ఉంచి వెళ్ళిన బుల్లి గిటార్లకి, అదే మీ ఉకులేలేలకు, అన్నిటికీ కొత్తవి కట్టాను. ఆ సైజుల పేర్లు నాకు నోరు తిరగవు కదా. అందుకని తీగ మెడ దగ్గర మొదలైన చోటినుంచి కింద కట్టిన చోటిదాకా దారంతో కొలిచి, మూడు దారాలు గుంటూరు పట్టుకెళ్ళాను. కొట్టులో అష్రఫ్ గారు వాటిని చూసి, "ఏంటమ్మా, జాకెట్టు కొలతలా?" అన్నారు. సిగ్గుతో వెనక్కి వచ్చేసేదాన్నే. అంతలో ఆయనే టేపు తీసి కొలిచి, "ఇది సొప్రానో, ఇది కాన్సర్ట్, ఈ పొడుగుది బారిటోన్. కొలత తెచ్చి మంచి పని చేశావు. అందరూ ఊరికే ఉకులేలే తీగలియ్యండి అంటారు" అన్నారు.

చిన్నదానికీ మధ్యదానికీ శ్రుతి ఒకటేనట, జి, సి, ఇ, ఎ. పొడవు వేరు కాబట్టి తీగల సెట్టు వేరు. పైతీగ సన్నది కావాలా లావుది కావాలా అని అడిగారు. లావుదైతే మంద్రంగా పలుకుతుందట, కానీ చిన్నదాని మీద వదులుగా ఊగుతుందన్నారు. పిల్లల గొంతులు సన్నవని సన్నదే తీసుకున్నాను. సరేనా? మీ పెద్దదానికి మాత్రం డి, జి, బి, ఇ. దాన్నీ చిన్నవాటి శ్రుతికే బిగిస్తే పోలా అని అడిగాను. "ఆ తీగల్ని అంత లాగితే తెగుతాయి, లేదా కింద అతికించిన చెక్క ఊడి చేతికొస్తుంది" అన్నారు. అందుకే పిల్లలు సి వాయిస్తే, పెద్దదాని మీద నేను వాళ్ళు ఎఫ్‌కి పెట్టే వేళ్ళు పెట్టాలి. అది తెలియక మొదటి రోజు నేనూ వాళ్ళ సి వేళ్ళే పెట్టాను. "అక్కా, నీది వేరే పాటా?" అంది కెజియా. ఎనిమిదేళ్ళు లేవు, దాని నోరు చూడండి.

అన్నం తింటున్నావా అని రాశారు. తింటున్నాను. కల్లాల్లో మిరపకాయల తొడాలు తీసే పని జోరుగా ఉంది, అత్తయ్యా నేనూ రోజూ వెళుతున్నాం.

ఇక మీ ఉత్తరంలో చివరి మాట. మట్టల ఆదివారం నాడు పిల్లలు పాడుతూ పాడుతూ ఏడ్చారని ఇమ్మానియేలు పాస్టరుగారు మీకు చెప్పారన్నారు. మీరు కూడా ఏడ్చారన్నారు. క్లాసులో అందరికీ చెప్పి, అది నా భార్య నేర్పిన పాట అన్నారన్నారు. ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో. చదివిన ప్రతిసారీ గుండెలో రాయి పడింది.

కొత్త తీగలు సాగుతాయి కదండీ. ఎంత బిగించినా శ్రుతి దిగిపోతోంది. ఒక్కో తీగనీ వేళ్ళతో లాగి లాగి సాగదీయమన్నారు అష్రఫ్ గారు. మట్టల ఆదివారానికి ముందు శనివారం కల్లం నుంచి వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కుని, అన్ని తీగలూ ఆ చేతులతోనే లాగాను. తొడాలు తీసిన చేతుల ఘాటు ఒక సబ్బుకి పోదని తెలిసీ మరిచాను. నా వేళ్ళు మొద్దుబారాయి, నాకు తెలియలేదు. మర్నాడు పిల్లలు ఆ తీగలు మీటి, చెమట పడితే కళ్ళు తుడుచుకున్నారు. రెండో చరణంలో ఒక్కొక్కరే ఏడవడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళు అది చూసి మోకరించారు. పాస్టరుగారు స్తోత్రాలు చెప్పారు.

పాటయ్యాక కెజియా వేలు నోట్లో పెట్టుకుని, "అక్కా, తీగ కారంగా ఉంది" అంది. అప్పుడు తెలిసింది నాకు. దాన్ని బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళు కడిగాను, ఎవరికీ చెప్పకు అన్నాను. పసిపిల్లకి అలా చెప్పడమే నాకు ఎక్కువ బాధగా ఉంది. తీగలన్నీ నూనెగుడ్డతో, తరవాత తడిగుడ్డతో తుడిచాను.

ఇప్పుడు పాస్టరుగారు గుంటూరులో పెద్ద మీటింగుకి పిల్లల్ని తీసుకెళతారట. "అక్కడ కూడా అలాగే కదిలించాలమ్మా" అంటున్నారు. తల ఊపాను. మీ పరువు పోతుందని ఊపాను.

కానీ అబద్ధం మీద పిల్లల్ని నిలబెట్టలేను. వచ్చే ఆదివారం చర్చిలో అందరూ సాక్ష్యాలు చెప్పే వేళ నేనూ లేచి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పెళ్ళయి రెండేళ్ళయినా నేను ఒక్క సాక్ష్యం చెప్పలేదు, అత్తయ్య మోచేత్తో పొడిచినా లేవలేదు. మొదటిదే ఇదవుతుంది. నవ్వుతారేమో. మీ క్లాసులో వాళ్ళకి మీరు చెప్పండి, వాళ్ళూ నవ్వుతారు. నా మీద కోపం వస్తే దాచుకోకుండా రాయండి.

ఈసారి అత్తయ్య పొడవనక్కర్లేదు. నేనే లేస్తాను. పిల్లలు పాట మాత్రం ఒక్క చోటా తప్పకుండా పాడారని, కళ్ళు మండుతున్నా ఒక్కరూ ఆపలేదని, అది కూడా చెప్పి కూర్చుంటాను.

ఇట్లు,
మీ ఇంటిది,
జాస్మిన్