కళ్ళు మూసుకున్న మనిషి

ఆగస్టు 4, సోమవారం

వాన. షారోను మణికట్టు వాచింది. పొద్దస్తమానం కంప్యూటరు ముందు ఆ ఫొటోల పనే. వాళ్ళ నాన్న కోప్పడ్డాడు. "ఉన్న ఒక్క బిడ్డవు, చెయ్యి ఖరాబు చేసుకుంటవా?" నా తమ్ముడి కోపం అంతవరకే.

నేను చేస్తానన్నాను. పిల్ల నవ్వింది. "అత్తమ్మా, నీకు మౌస్ పట్టుడు వస్తదా?"

ముప్పై ఏళ్ళు కుట్టు మిషన్ మీద ఆడిన చేతులు. వస్తుంది.

ఆగస్టు 6, బుధవారం

వాళ్ళ ఆఫీసు ఒప్పుకుంది. కాగితం పంపారు. రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. ఫొటో దాచుకోకూడదు. చూసింది ఎవరికీ చెప్పకూడదు. చూసిన మనిషిని వెతుక్కుంటూ పోకూడదు.

"మూడోది మస్తు ముఖ్యం అత్తమ్మా."

"నేనెవరి కోసం పోతనే?" అన్నాను.

ఆగస్టు 7, గురువారం

కారు అద్దానికి కెమెరా పెట్టుకుని డ్రైవర్లు వీధులన్నీ తిరుగుతారు. మ్యాపు కోసం. దారిన పోయే జనం కూడా అందులో పడతారు. ముఖాలు, బండి నంబర్లు మిషనే మసక చేస్తుంది. అది వదిలేసినవి మేం చెయ్యాలి. ముఖం చుట్టూ గీత గీస్తే చాలు, లోపలిదంతా మసకవుతుంది.

ఒక అవ్వ గేటు దగ్గర తల దువ్వుకుంటోంది. తనను తీశారని ఆమెకు తెలియనే తెలియదు. గీశాను. కొంగు కప్పినట్టనిపించింది.

ఆగస్టు 9, శనివారం

షిఫ్టు దిగి వచ్చేవాళ్ళను మిషన్ పట్టుకోలేకపోతోంది. బొగ్గు పట్టిన ముఖం దానికి ముఖం కాదు. గని గేటు ఫొటోల్లో అందరి ముఖాలూ మసక లేకుండానే కనబడుతున్నాయి.

"అవ్ కద! ఆఫీసుకు రాస్త" అంది షారోను.

నాన్న రోజూ అట్లాగే వచ్చేవాడు. గుమ్మంలో నిలబడి, "ఎవరచ్చిండ్రో చెప్పు బిడ్డా"... కళ్ళు, పళ్ళు మాత్రమే కనబడేవి.

ఆగస్టు 10, ఆదివారం

మందిరం. సండే స్కూల్లో ఒక చిన్నది ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి అందరినీ చూస్తోంది. తర్వాత దగ్గరికి పిలిచాను. ప్రార్థన చేసేవాళ్ళను చూడొద్దు బిడ్డా, అది వాళ్ళకూ దేవునికీ మధ్య మాట.

"మరి నేను తెరిచిన్నని నీకెట్ల తెలిసింది టీచర్?"

ప్రభువా!

ఆగస్టు 12, మంగళవారం

బెల్లంపల్లి రోడ్డు. టీ బండి. బొగ్గు లారీల మీద టార్పాలిన్ కట్టే మనుషులు నలుగురు. ఎవరికీ మసక లేదు. ముగ్గురికి గీశాను.

నాలుగో మనిషి — రెండు చేతుల మధ్య గ్లాసు. తల వంచి. కళ్ళు మూసుకుని. ఇంకా తాగలేదు.

యోహాను.

అమ్మ పోయాక తమ్ముళ్ళిద్దరికీ నేర్పింది నేనే. గుక్కెడు నీళ్ళైనా సరే, కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పాకే. చిన్నవాడు, షారోను వాళ్ళ నాన్న దానం, ఎప్పుడో మానేశాడు.

జుట్టంతా నెరిసింది వీడికి.

అదే రోజు, దీపాల వేళ

నాన్న గని పనికి అన్‌ఫిట్ అయి ఇంట కూర్చున్నప్పుడు ఆ ఉద్యోగం ఒక్క కొడుక్కే వస్తుందన్నారు. "ఎవల పేరు రాయాలె బిడ్డా?" అని నాన్న నన్నే అడిగాడు. పెద్దవాడు యోహాను. నేను దానం పేరు చెప్పాను. షారోను అప్పుడు ఒళ్ళో పిల్ల. యోహానుకు పెళ్ళి కాలేదు, ఒక్కడే ఎట్లాగైనా బతుకుతాడనుకున్నాను.

"నువ్వు చెప్పిన పేరు నాది కాదు కద అక్కా. నన్ను దేవులాడకు."

చెప్పులు వేసుకుని పోయాడు. ఎక్కడున్నాడో ఇవాళ్టి దాకా తెలియదు.

ఆగస్టు 13, బుధవారం

ఆ ఫొటో తెరిచాను. మూశాను. టీ బండి మీద పేరుంది. పక్కన కిలోమీటరు రాయి ఉంది. పోతే దొరుకుతాడు.

శనివారం లోపల ఫొటోలు పంపాలి.

ఆగస్టు 14, గురువారం

ఫొటో చూసి అత్తమ్మ ఏడ్చిందని షారోను వాళ్ళ నాన్నకు చెప్పేసింది. దానం మార్నింగ్ షిఫ్టుకు పోబోతూ ఆగాడు.

"అన్నను చూసినవా?"

నేను టిఫిన్ డబ్బాకు మూత పెట్టాను.

"అక్కా, నిన్నే. ఎక్కడున్నడు?"

"సంతకం పెట్టిన, దానం. వాడు గూడ దేవులాడొద్దన్నడు."

"ఇన్నేండ్లు ఆయన అన్నమే తింటున్న నేను. ఒక్కసారి కాళ్ళు మొక్కుత. నీ కాయితం పెద్దదా, అన్న పెద్దనా?"

టిఫిన్ డబ్బా తీసుకోకుండానే డ్యూటీకి పోయాడు. సాయంత్రం అట్లాగే ఉన్న అన్నం తీసి నేను తిన్నాను.

ఆగస్టు 16, శనివారం

గీశాను. ముఖానికి.

చాలలేదు. తల వంచిన తీరు తెలుస్తూనే ఉంది. గ్లాసు పట్టుకున్న ఆ చేతులు... ముఖం లేకపోయినా దానం గుర్తుపడతాడు. గీత పెద్దది చేశాను. భుజాలు, చేతులు, గ్లాసు, అన్నీ. వెనక బండి మీది పేరు కూడా పోయింది.

"గింత పెద్దగ ఎందుకు గీసినవ్ అత్తమ్మా?"

"ప్రార్థనల ఉన్నడే."

పిల్ల నా ముఖం చూసింది. ఇంకేం అడగకుండా పంపించేసింది. పంపాక మళ్ళీ తెరుచుకోదట.

ఆగస్టు 17, ఆదివారం

వచ్చే శనివారం బెల్లంపల్లిలో స్త్రీల కూటం. ఇక్కడ సెంటినరీ కాలనీ నుంచే బస్సు. సంఘంలో నా పేరు ముందే రాసేశారు — ప్రతి ఏడూ పోతాను కదా.

ఆగస్టు 19, మంగళవారం

దానం మాట్లాడడం లేదు. డబ్బా మాత్రం తీసుకుపోతున్నాడు.

ఆగస్టు 21, గురువారం

ఇవాళ మాట్లాడాడు. "కూటానికి పోతున్నవట. నీకు కిటికీ పక్కన సీటు ఉంచుమని చెప్పిన. లోపల కూసుంటె తల తిరుగుతది కద నీకు."

యోహాను ఉన్నది ఆ దారిలోనే అని వాడికి తెలియదు. వద్దనలేకపోయాను.

ఆగస్టు 22, శుక్రవారం

తెల్ల చీర, బైబిలు, నీళ్ళ సీసా సర్దాను.

బస్సు ఆ రోడ్డు మీదనే పోతుంది. వెతకడం కాదు, దారిన పోవడమే — పొద్దుటి నుంచి ఇదే చెప్పుకుంటున్నాను.

మంచిర్యాల దాటాక కళ్ళు మూసుకోవాలి. ఊరు వచ్చేదాకా తెరవకూడదు. ఆ మాట ఇవ్వడానికే మోకాళ్ళ మీద కూర్చున్నాను.

మిగతా ప్రార్థనంతా చేశాను. ఆ మాట ఒక్కటి మాత్రం ఇవ్వకుండానే లేచాను.